నామినేషన్ నాడు మాత్రం ఆమె సర్కారు ఉద్యోగి

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా పత్రికలకు ఒక ముచ్చట దొరుకుతుంది. పట్నంలో పెద్ద ఉద్యోగం వదులుకుని పల్లెకు తిరిగొచ్చి సర్పంచి అయిన చదువుకున్న యువతి కథ అది. 2010లో రాజస్థాన్‌లోని సోడా గ్రామానికి ఎం.బి.ఎ. చదివిన ఛవీ రజావత్ సర్పంచిగా ఎన్నికైనప్పుడు దేశంలోని పత్రికలన్నీ ఆమె ఫొటో వేశాయి. ఆమె మీద మనకేమీ ఫిర్యాదు లేదు. ఒక వృత్తిలో సంపాదించిన అనుభవాన్ని ఊరి పనికి పెట్టాలనుకోవడం మంచి విషయమే. అయితే ఊళ్ళోనే ఉండి, ఊరి పనే చేస్తూ, అందులోనే తల నెరిసిన స్త్రీ అదే కోరిక కోరితే ఏమవుతోంది? ఆమె ఫొటో ఏ పత్రికా వేయదు. నామినేషను దగ్గరే ఆమెను ఆపేస్తారు.

అంగన్‌వాడీ టీచరు సంగతి చూడండి. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసిడిఎస్ పథకం దాదాపు ప్రతి పల్లెలోనూ ఒక స్త్రీని తయారుచేసింది. ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఏ బిడ్డ బరువు తగ్గింది, ఏ పిల్లకు పద్దెనిమిది నిండకుండానే పెళ్ళి సంబంధం చూస్తున్నారు, ఏ ఇంటికి తాగునీరు రావడం లేదు, ఇవన్నీ ఆమెకు నోటికి తెలుసు. రిజిస్టర్లు రాయగలదు. అధికారులతో మాట్లాడగలదు. కులాల వారీగా విడిపోయిన ఊళ్ళో అన్ని వాడలకూ రోజూ తిరిగే మనిషి ఆమె తప్ప ఎవరున్నారు? 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలు మనకు ఇచ్చినప్పుడు, ఆ కుర్చీకి ఇంతకంటే తగిన మనిషి దొరకదనిపించాలి. కానీ మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నికల అధికారులు చెప్పే మాట ఒకటే: అంగన్‌వాడీ కార్యకర్త పోటీకి అనర్హురాలు. పోటీ చేయాలంటే రాజీనామా చేయాలి. నామినేషన్ల పరిశీలన నాటికి ఆ రాజీనామా ఆమోదం కూడా పొంది ఉండాలి.

ఎందుకంటే ఆమె సర్కారు కొలువులో ఉన్నదట!

ఈ మాట ప్రభుత్వం ఎప్పుడెప్పుడు ఒప్పుకుంటుందో, ఎప్పుడెప్పుడు కాదంటుందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. జీతం అడిగినప్పుడు ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛందంగా సేవ చేసే మనిషి. అందుకే ఆమెకిచ్చేది వేతనం కాదు, 'గౌరవ వేతనం'. అంగన్‌వాడీ కార్యకర్తలది సివిల్ పోస్టు కాదని 2006లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు వాళ్ళ హక్కుల దారిలో ఏళ్ళ తరబడి అడ్డంగా నిలబడింది. గ్రాట్యుటీ చట్టం వాళ్ళకు వర్తిస్తుందని అదే కోర్టుతో చెప్పించుకోవడానికి 2022 దాకా, గుజరాత్ కేసు దాకా ఆగవలసి వచ్చింది. మరి సమ్మె చేసినప్పుడో? 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్ల మీద కూర్చుంటే, 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. అంటే అప్పటికప్పుడు వాళ్ళది అత్యవసర సేవ అయిపోయింది. జీతానికి సేవకురాలు, సమ్మెకు అత్యవసర సిబ్బంది, నామినేషనుకు సర్కారు ఉద్యోగి. ఒకే మనిషికి మూడు వేషాలు వేసి, మూడింటిలోనూ నష్టం ఆమెకే వచ్చేటట్టు చూసిన తెలివికి జోహార్లు చెప్పాలి.

ఉద్యోగం చేస్తూ పదవిలో ఉంటే తన పనిని తానే తనిఖీ చేసుకున్నట్టవుతుంది కదా అని కొందరు పెద్దమనుషులు అంటారు. ఇది తోసెయ్యదగిన ప్రశ్న కాదు. పంచాయతీకి అంగన్‌వాడీ కేంద్రం మీద కన్ను ఉండాలనే మనమూ అంటాం. కానీ అదే ఎన్నికల్లో రేషను డీలరు నిలబడవచ్చునని అధికారులే చెబుతున్నారు. ఊరి బియ్యం, చక్కెర తూచే చేతులకు లేని అభ్యంతరం పిల్లలకు గుడ్లు పంచే చేతులకు ఎక్కడి నుంచి వచ్చింది? కేరళలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశాలు స్థానిక ఎన్నికల్లో పోటీ చేస్తున్నారు. అక్కడి పంచాయతీలేమీ కూలిపోలేదు. పైగా మన పంచాయతీలు మనకంటే గొప్పగా నడుస్తున్నాయని ఎవరూ అనరు.

'రాజీనామా చేసి రమ్మనండి, ఎవరు వద్దన్నారు' అనేవాళ్ళు లెక్క కూడా వెయ్యాలి. సమ్మె నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ టీచరుకు వచ్చేది నెలకు 11,500 రూపాయలు. అదే రాష్ట్రంలో 2021లో ఎన్నికైన సర్పంచుల గౌరవ వేతనం 3,000. ఆ తేడాను ఎవరు భరించాలి? గెలిచినా ఆ తర్వాత రిజర్వేషను మారితే ఆ సీటు ఆమెది కాదు. ఓడిపోతే మర్నాటి నుంచే ఆమె వీధిలో ఉంటుంది, కేంద్రంలో వేరొకరు చేరిపోతారు. ఇరవై ఐదేళ్ళ సర్వీసు ఒక్క నామినేషను కాగితానికి పణం. అదే ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసి, పింఛను చేతిలో పెట్టుకుని, 'ఇక ప్రజాసేవ చేస్తాను' అంటే ఊరంతా దండలు వేస్తుంది. ఆయన రెండో వృత్తికి మొదటి వృత్తి పెట్టుబడి. ఆమె మాత్రం మొదటిదాన్ని పాతిపెడితే గాని రెండోదాని గడప తొక్కడానికి లేదు.

దీని ఫలితం ఎవరికి లాభమో చూడండి. అనుభవం గల స్త్రీని చట్టం ఆపేస్తుంది. ఖాళీ అయిన చోట ఆసామి తన భార్యనో కోడలినో నిలబెడతాడు. ఆమె సంతకం పెడుతుంది, ఆయన కుర్చీలో కూర్చుంటాడు. తరువాత అదే పెద్దలు 'ఆడవాళ్ళకు పదవులిస్తే మొగుళ్ళు ఏలుతున్నారు, సమర్థులైన స్త్రీలు దొరకడం లేదు' అని సభల్లో వాపోతారు. దొరకడం లేదా, దొరికినవాళ్ళను తలుపు బయట నిలబెట్టారా?

అర్హతల పేరుతో వడపోయడం ఈ ఒక్క చోటనే కాదు. హర్యానా 2015లో చదువు నిబంధన పెట్టింది. సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తమను బడికి పంపని సమాజాన్ని వదిలేసి, బడికి వెళ్ళని స్త్రీలకు శిక్ష వేశారు. మన 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరు పిల్లలు దాటితే అనర్హత అన్నది. ఎంతమంది పిల్లల్ని కనాలో నిర్ణయించే హక్కు లేని స్త్రీ, ఆ లెక్క తప్పినందుకు పదవిని పోగొట్టుకున్నది. ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తీసేసింది. స్త్రీల హక్కు గుర్తొచ్చి కాదు లెండి, జననాలు తగ్గిపోతున్నాయన్న బెంగ పట్టుకుని. ఏ బెంగతో తీసినా పోయింది, మంచిదే. అంటే తలుచుకుంటే చట్టం మారుతుందన్నమాట.

మనలోనూ ఒక సందేహం ఉంది, దాన్ని దాచడం ఎందుకు? ఒకవైపు అంగన్‌వాడీలను ప్రభుత్వ ఉద్యోగులుగా గుర్తించమని పోరాడుతూ, మరోవైపు పోటీ చేసే హక్కు అడిగితే ఎలా అని సంఘాల్లోనే కొందరు అక్కలు అడుగుతున్నారు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలన్నది ప్రభుత్వం పెట్టిన బేరం. ఆ బేరాన్ని మనం నెత్తికెత్తుకోనక్కరలేదు. పోటీ చేయదలచిన కార్యకర్తకు నామినేషను నాటి నుంచి జీతం లేని సెలవు ఇవ్వాలి. గెలిస్తే పదవీకాలమంతా ఆ సెలవు సాగాలి. ఆ కాలానికి కేంద్రంలో తాత్కాలికంగా మరొక స్త్రీని పెట్టాలి. ఓడినా, పదవి ముగిసినా సీనియారిటీ పోకుండా ఆమెను తిరిగి తీసుకోవాలి. అప్పుడు తనిఖీ అభ్యంతరమూ ఉండదు. సర్పంచి గౌరవ వేతనం కూలి పనికి పోయే దళిత స్త్రీకి కూడా ఇల్లు గడిచేటంత ఉండాలి, లేకపోతే ఈ సెలవు హక్కు కూడా కాస్త వెసులుబాటున్న ఇళ్ళకే పరిమితమవుతుంది.

వచ్చే ఎన్నికల నోటిఫికేషను వచ్చాక అడిగితే 'ఇప్పుడు నిబంధనలు మార్చలేం' అంటారు. ప్రతిసారీ అదే అన్నారు. కాబట్టి వినతిపత్రాలు ఇప్పుడే, పంచాయతీరాజ్ శాఖకూ స్త్రీ శిశు సంక్షేమ శాఖకూ రెండింటికీ వెళ్ళాలి. ఒకదానికే ఇస్తే మాది కాదంటే మాది కాదని ఫైలు తిప్పుతారు.