విచారణ వేరు, వేట వేరు

సంస్కృతంలో 'విచారం' అంటే ఆలోచన, మంచిచెడ్డలను తరచి చూడడం. ఆ మాట తెలుగుదేశానికి వచ్చి దుఃఖమైపోయింది. భాషావేత్తలు దీనికి అర్థవిపరిణామమని పేరు పెడతారు. మన కార్యాలయాలలో విచారణలు జరిగే తీరు చూసినవాడికి ఆ విపరిణామంలో వింతేమీ కనబడదు. లెక్కలో తేడా వచ్చిందంటే చాలు, యజమాని మొదట వెదికేది నిజాన్ని కాదు, మనిషిని. మా మైపాడు తీరంలో 'వేట' అంటే చేపలవేట. వలలో ఏది పడితే అది ఒడ్డుకు చేరుతుంది. కడలి మీద అది బ్రతుకుతెరువు. కార్యాలయంలో అదే పద్ధతి అన్యాయం.

మిత్రులారా, ఈ టపాలో నేను ఖండించదలచినది ఒకే ఒక వాదాన్ని. "చట్టమనీ పద్ధతనీ కూర్చుంటే వ్యాపారం మూతబడుతుంది, వ్యాపారం నడవాలంటే చట్టాన్ని కాస్త ప్రక్కన పెట్టాలి" అనే వాదం అది. చిన్న యజమాని నోటా విన్నాను, పెద్ద చదువులు చదివిన మేనేజరు నోటా విన్నాను. ఇది అబద్ధం. విచారించే చేయి, పని నడిపే చేయి, ఆరోపణ ఎదుర్కొంటున్న చేయి - ఈ మూడింటినీ విడివిడిగా ఉంచమనడమే చట్టం సారాంశం. అలా ఉంచినచోట పని సాగుతుంది, నిజమూ బయటపడుతుంది. కలిపినచోట రెండూ చెడతాయి.

తెలుగు పంతులుకు వ్యాపార సంస్థల గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ముప్ఫై యేళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాడికి చుట్టుప్రక్కల ప్రతి సంస్థలోనూ ఒక శిష్యుడు ఉంటాడు. కష్టం వచ్చిన రోజున అర్జీ వ్రాయించుకోవడానికి వాళ్ళు వచ్చేది నా అరుగు మీదకే. కనుక ఇది నా గొడవే.

అలా వచ్చినవాడొకడు మా తీరంలోనే ఒక రొయ్యపిల్లల హేచరీలో స్టోరు కీపరు. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. రొయ్యపిల్లలకు వేసే ఆర్టీమియా ఖరీదైన సరుకు. రిజిస్టరులో ఉన్న టిన్నులకూ, అరలో ఉన్న టిన్నులకూ లెక్క కుదరలేదు. యజమాని మనుషులు మధ్యాహ్నం వేళ వచ్చిపడ్డారు. పనివాళ్ళందరినీ ప్యాకింగు షెడ్డులో కూర్చోబెట్టి తలుపు మూశారు. అందరి సెల్‌ఫోన్లూ లాక్కొని, తాళం తీయించి, సొంత సంభాషణలు చదివారు. స్టోరు గదికి తాళం వేశారు. మా వాడి చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకొని, కబురు చేసేదాకా రావద్దన్నారు. ఒక్క ముక్క వ్రాతపూర్వకంగా ఇవ్వలేదు.

"అయ్యవారూ, నన్ను దొంగ అని ఎవరూ నోటితో అనలేదు. అన్నట్లయితే కాదని చెప్పేవాణ్ణి" అన్నాడు వాడు. ఈ మాటలో ఉన్న న్యాయశాస్త్రం ఎన్ని పుస్తకాలలో ఉంటుంది? ఆరోపణ ఏమిటో చెప్పకపోతే సమాధానం ఎలా చెబుతాడు?

ఆ పూట జరిగిన రెండో సంగతి చూడండి. హేచరీలో మేత గంటల లెక్కన పడాలి. పిల్లలు జోయా, మైసిస్ దశలలో ఉన్నప్పుడు ఒక పూట ఆలస్యాన్ని కూడా ఓర్చుకోవు. మేత వేయవలసినవాళ్ళు షెడ్డులో ఉన్నారు, మేత ఉన్న గదికి తాళం ఉంది. ట్యాంకు ఒకటి దెబ్బతిన్నది. పోయిన టిన్నుల కంటే ఆ ట్యాంకు ఖరీదు ఎక్కువ. చివరకు తేలినదేమంటే, టిన్నులు అదే సంస్థకు చెందిన మరో యూనిట్‌కు వెళ్ళాయి. పంపిన చీటీ రిజిస్టరులోకి ఎక్కలేదు. ఇప్పుడు చెప్పండి, ఆనాడు వ్యాపారాన్ని ఆపినది చట్టమా, చట్టం లేకపోవడమా?

పద్ధతిగా చేసివుంటే ఎలా ఉండేది? మొదట ఫిర్యాదు కాగితం మీదకు ఎక్కాలి: ఏ సరుకు, ఏ తేదీల మధ్య, ఎంత తేడా. తరువాత స్టోరుతో సంబంధం లేని ఒకరికి విచారణ అప్పగించాలి. రిజిస్టర్లకూ చీటీలకూ ఆ పూటే నకళ్ళు తీయించి భద్రపరచాలి. సరుకు ఇవ్వడం ఆగకుండా వేరొకరిని తాత్కాలికంగా కూర్చోబెట్టాలి. పనివాళ్ళను షిఫ్టు ముగిశాక ఒక్కొక్కరినే పిలిచి అడగాలి, వాళ్ళు చెప్పినది వ్రాసి చదివి వినిపించాలి. అనుమానితుడికి ఆరోపణ ఏమిటో వ్రాసి ఇచ్చి, జవాబుకు గడువు ఇవ్వాలి. ఇందులో ట్యాంకు ప్రక్కనుండి మనిషిని కదిలించే పని ఒక్కటీ లేదు. పంపిన చీటీలను వరుసగా చదివివుంటే సాయంత్రానికి నిజం దొరికేది.

జీతం ఇచ్చేవాడికి పోలీసు అధికారం ఉండదు. మనిషిని గదిలో పెట్టి కదలనివ్వకపోవడం అక్రమ నిర్బంధం, భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షను క్రింద నేరం. సంస్థ కంప్యూటరు సంస్థది, ఉద్యోగి జేబులోని ఫోను ఉద్యోగిది. పని నుండి తాత్కాలికంగా తప్పించినా కడుపు మాడ్చే హక్కు లేదు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతీ తమ పరిధిలోని కార్మికుడి విషయంలో ఒకే మాట చెబుతున్నాయి: మొదటి 90 రోజులు సగం జీతం, విచారణ ఆలస్యం అతని వల్ల కాకపోతే ఆపైన ముప్పాతిక జీతం.

ఈ నియమం ఎందుకో తెలియాలంటే తెలుగువారు తరతరాలుగా చెమటోడ్చిన కోలారు బంగారు గనుల దాకా వెళ్ళాలి. అక్కడి భారత్ గోల్డ్ మైన్స్ సంస్థలో ఒక భద్రతాధికారి ఇంట్లో 1985లో సోదా చేసి, బంగారం దొరికిందన్నారు. అతణ్ణి సస్పెండు చేశారు. జీవనభృతి ఇవ్వలేదు. అతడు కేరళలోని సొంతవూరిలో జబ్బుతో, చేతిలో డబ్బు లేక విచారణకు రాలేకపోయాడు. అతడు లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. తరువాత క్రిమినల్ కోర్టులో ఆ సోదాయే రుజువు కాలేదు. 1999 మార్చి 30న సుప్రీంకోర్టు ఆ విచారణ చెల్లదని, అతణ్ణి తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని తీర్పు చెప్పింది. తొందరపడి అడ్డదారి తొక్కినందుకు ఆ సంస్థ ఎంత కాలం మిగుల్చుకున్నట్లు?

"ఇవన్నీ చిన్న ముచ్చట్లు, పెద్ద సంస్థలలో వ్యవస్థలు ఉంటాయి" అంటారా? అయితే మన హైదరాబాదు సత్యం సంగతి మాట్లాడుకుందాం. 2009 జనవరి 7న రామలింగరాజు తన డైరెక్టర్లకు లేఖ వ్రాశాడు. పుస్తకాలలో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు చూపారు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి 649 కోట్ల లాభం చూపారు, నిజానికి వచ్చినది 61 కోట్లు. ఇన్వాయిసుల వ్యవస్థలో 7,561 దొంగ బిల్లులు దాగివున్నాయని దర్యాప్తులో తేలింది.

ఇది ఒకరిద్దరు చీకట్లో చేసిన పని కాదు. అన్నేళ్ళపాటు ఆ వ్యవస్థలో అంతర్గత తనిఖీ విభాగం ఉంది, ఆడిట్ కమిటీ ఉంది, పేరుమోసిన ఆడిటర్లున్నారు, స్వతంత్ర డైరెక్టర్లుగా మహామహులున్నారు. అయినా ఒక ఉద్యోగి నిజం చెప్పదలచినప్పుడు, 2008 డిసెంబరులో మారుపేరుతో ఒక స్వతంత్ర డైరెక్టరుకు ఉత్తరం పంపుకోవలసి వచ్చింది. సొంత పేరుతో చెప్పుకొనే తలుపు ఒకటి తనకు తెరిచివుందన్న నమ్మకం అతనికి లేదన్న మాట. మూడు వారాలు తిరిగేసరికి అధిపతే బయటపెట్టుకున్నాడు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం శిక్ష వేసిన పదిమందిలో అంతర్గత తనిఖీ విభాగానికి అధిపతిగా ఉన్న వ్యక్తి కూడా ఒకడు. ఆ పైకోర్టులో శిక్ష నిలుపుదల అయిందనేది వేరే సంగతి. నేను చూపదలచినది ఇది: విచారించవలసిన చేయి, విచారణకు గురికావలసిన చేతి క్రింద ఉన్నప్పుడు ఎన్ని కమిటీలున్నా అవి గోడమీది బొమ్మలే.

అదే సత్యం నాకు రెండో సాక్ష్యం కూడా ఇస్తున్నది. లేఖ బయటపడిన కొద్ది రోజులలోనే కేంద్రప్రభుత్వం పాత బోర్డును తొలగించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌లను నియమించింది, తరువాత మరో ముగ్గురిని చేర్చింది. వాళ్ళు చేసిన మంచిపని పనులను పంచడం. నేరం సంగతి పోలీసులు, ఆపైన సీబీఐ చూసుకున్నారు. మార్కెట్ సంగతి సెబీ చూసుకుంది. లెక్కలు తిరగవ్రాయడానికి కొత్త ఆడిట్ సంస్థలు వచ్చాయి. పని నడపడానికి ఫిబ్రవరిలో సంస్థలోని ఉద్యోగినే ముఖ్యాధికారిగా పెట్టారు. బ్యాంకుల నుండి అప్పు తెచ్చి జీతాలిచ్చారు. ఏప్రిల్ 13న, అంటే లేఖ వచ్చిన వంద రోజులలోపే, టెక్ మహీంద్రా ఆ సంస్థను గెలుచుకుంది. దేశంలో అంత పెద్ద దర్యాప్తు జరుగుతుండగానే సత్యం ఖాతాదారుల పని నడిచింది.

నష్టం జరగలేదని నేననను. కొందరు ఖాతాదారులు వెళ్ళిపోయారు. వేలమంది ఉద్యోగులను తగ్గించిన జీతంతో ఇంటివద్ద ఉంచారు. అయితే అది మోసం చేసిన నష్టం, విచారణ చేసిన నష్టం కాదు. పుండును కోసిన కత్తిని తిట్టి, పుండును మన్నించడం వివేకం కాదు.

ఇక ఎదుటివారి ప్రశ్నలు. "పద్ధతి అంటూ ముందే చెబితే దొంగ సాక్ష్యాలు చెరిపేస్తాడు కదా?" చట్టం దండోరా వేయమనలేదు. ముందు సాక్ష్యాన్ని భద్రపరచు, తరువాత మనిషిని అడుగు అంటున్నది. తొందరపడి మనిషి మీద పడేవాడే సాక్ష్యాన్ని జారవిడుచుకుంటాడు.

"చిన్న సంస్థకు అంత తీరిక ఏది?" పదిమంది పనిచేసే చోటికి కూడా 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తిస్తుంది. అందులో విచారణకు 90 రోజుల గడువుంది, పేర్లు బయటపెట్టరాదన్న కట్టడి ఉంది, ఈలోగా ఒకరిని బదిలీ చేసే, ఫిర్యాదు చేసిన ఆమెకు మూడు నెలలదాకా సెలవిచ్చే వీలుంది. పని ఆగకుండా, మనిషి నలగకుండా విచారించడం ఎలాగో శాసనమే అచ్చు పోసి ఇచ్చింది. దొంగతనానికీ దొంగలెక్కకీ ఆ అచ్చును వాడుకోవడానికి ఎవరు అడ్డొచ్చారు?

"మాది కుటుంబంలాంటి సంస్థ, కాగితాలెందుకు?" నాకు అన్నిటికంటె ఒళ్ళు మండే మాట ఇది. అదనపు గంటలకు కూలి అడిగినప్పుడు మనది కుటుంబం. టిన్ను తగ్గినప్పుడు నువ్వు దొంగవు. కుటుంబమని పిలిచినవాడు అనుమానం వచ్చిన రోజున ముందు మాట్లాడతాడు, తలుపు మూయడు.

మన పూర్వులకు ఇది తెలియనిది కాదు. ఉద్యోగి ప్రభుత్వధనం తినడాన్ని నీళ్ళలో చేప నీరు త్రాగడంతో పోల్చిన కౌటిల్యుడే, అపహరణను బయటపెట్టి రుజువు చేసినవాడికి ఆ సొమ్ములో ఆరవ వంతు ఇమ్మన్నాడు. ఆ చెప్పినవాడు జీతగాడైతే పన్నెండవ వంతు. అనుమానం ఎంత తీవ్రమో, చెప్పినవాడికి రక్షణ, రుజువు అన్న షరతు అంత గట్టివి. మన యజమానులు చేప సామెతను మాత్రం కంఠస్థం చేసి తక్కినది వదిలేశారు.

మా వాడిని మళ్ళీ పనికి రమ్మన్నారు. కబురు ఫోనులో వచ్చింది. "ఈ ఉద్యోగి మీద వచ్చిన అనుమానం నిరాధారమని తేలింది" అన్న ఒక్క వాక్యం కాగితం మీద ఇమ్మని అర్జీ వ్రాసి పంపాము. జవాబు లేదు. నింద ఊరంతా తిరిగింది, నిర్దోషిత్వం ఫోనులో ఆగిపోయింది. విచారణ ముగియడం అంటే దోషి దొరకడం మాత్రమే కాదు. నిర్దోషి చేతికి ఆ కాగితం అందడం కూడా.

బ్లాగ్మిత్రులారా, మీలో చాలామంది నాకంటె ఎన్నో రెట్లు పెద్ద సంస్థలలో ఉన్నారు. మీ సంస్థ నియమావళి తెరిచి మూడు ప్రశ్నలకు జవాబు వెదకండి. పైవాడి మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? ఆ ఫిర్యాదు ఆ పైవాడి చేతికే చేరకుండా ఏ ఏర్పాటు ఉంది? నిర్దోషి అని తేలినవాడికి వ్రాసి ఇస్తారా? మూడింటికీ జవాబు దొరికినవారు అదృష్టవంతులు. దొరకనివారు ఇక్కడ రెండు ముక్కలు వ్రాయండి. నాతో విభేదించేవారు మరీ తప్పక వ్రాయండి, చర్చకు నేను సిద్ధం.