హద్దురాయి

ఇల్లు కట్టుకొనువారు ముహూర్తము చూతురు, వాస్తువు చూతురు. హద్దురాయిని మాత్రము చూడరు. మా నాయనగారి దస్తావేజులో తూర్పు హద్దు వేపచెట్టు. అది కూలి ఏండ్లు గడచినవి. ప్రహరి కట్టబూనిన నాడుగాని, చెట్టు ఎచ్చట నుండెనో నాకును పొరుగువారికిని నిశ్చయముగా తెలియదని తేలలేదు.

సెంటనగా 48.4 చదరపు గజములు. ఇరువదినాలుగు గజముల గోడ ఒక్క గజము జరిగినచో దాదాపు అర సెంటు పోయినట్లే. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము ప్రకారము, సర్వే ముగిసినదను ప్రకటన వెలువడిన మూడేండ్లలో సివిలు కోర్టు కెక్కనివారికి ఆ గీతయే ఖాయము. కనుక సర్వేయరు నోటీసు వచ్చిననాడు ఇంట లేమనుట తగదు.

మేమిద్దరము దగ్గర నిలిచి కొలిపించుకొంటిమి. నాకు రెండడుగులు తగ్గినవి; పొరుగువారితో మాట మిగిలినది. ఆ బేరమున నేను నష్టపోలేదు.