“మీ గురించి చెప్పండి”

గత నెల మా మొహల్లాలో డిగ్రీ ముగించిన యువతీయువకులను పిలిచి మాదిరి ఇంటర్వ్యూలు నిర్వహించాము. బల్లకు ఒకవైపు విశ్రాంత ఉద్యోగులం ముగ్గురం, మరొకవైపు అభ్యర్థి. మొదటి ప్రశ్న అందరికీ ఒక్కటే: “మీ గురించి చెప్పండి.” బీకాం ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైన ఒక అమ్మాయి పేరు, ఊరు చెప్పి ఆగిపోయింది. తండ్రి ఏం చేస్తారని అడిగితే తల దించుకున్నది. ఆయన పంక్చర్ల దుకాణం నడుపుతారనీ, ఆ దుకాణపు జమాఖర్చులు నాలుగేళ్లుగా ఆ అమ్మాయే రాస్తున్నదనీ చివర్లో తెలిసింది. లెక్కల గుమాస్తా ఉద్యోగానికి పిలిచేవారు వినగోరే సమాధానం అదే కదా! అది సిగ్గుపడవలసిన విషయం కాదనీ, ముందుగా చెప్పుకోవలసిన అర్హత అనీ ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

వివక్ష లేదని మేము అనబోము. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ అనే పరిశోధకులు ఒకే రకమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. ఉన్నత కులాల హిందూ పేర్లతో పోలిస్తే ముస్లిం పేర్లకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం చాలా తక్కువని 2007లో ప్రకటించారు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ కొలువులలో మతాన్ని బట్టి వివక్ష చూపరాదన్నది. ప్రైవేటు యాజమాన్యాలకు ఆ అధికరణం వర్తించదు. అందుకే 2006 నాటి సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్‌ను సిఫారసు చేసింది. దాని కోసం మన డిమాండు కొనసాగవలసిందే. అయితే, ఆ అడ్డంకిని దాటి పిలుపు అందుకున్న బిడ్డ గదిలోకి వెళ్లి మూగబోతే, ఆ నష్టాన్ని ఏ కమిషనూ పూడ్చలేదు. హక్కుల పోరాటమూ, ఇంటి దగ్గర సన్నాహమూ రెండూ మన బాధ్యతలే.

2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, గ్రూప్ డి, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను రద్దు చేసింది. కానీ సివిల్ సర్వీసుల తుది ఎంపికకు లెక్కించే 2025 మార్కులలో 275 నేటికీ మౌఖిక పరీక్షవే. ప్రైవేటు రంగంలోనైతే ఇంటర్వ్యూ లేని ఉద్యోగం అరుదు. అక్కడ అడిగే ప్రశ్నలు కొత్తవేమీ కావు.

“మీ గురించి చెప్పండి” అంటే వంశ చరిత్ర కాదు. చదువు, చేసిన పని, ఈ ఉద్యోగానికి అది ఎలా పనికివస్తుందో రెండు నిమిషాలలో చెప్పాలి. “ఈ ఉద్యోగమే ఎందుకు?” అంటే “ఇంట్లో ఇబ్బందులున్నాయి” అనడం నిజమే కావచ్చు, అది సమాధానం కాదు. ఆ సంస్థ ఏం చేస్తుందో ముందురోజే తెలుసుకుని, అందులో తాను చేయగలిగిన పనిని చెప్పాలి. “మీ లోపమేమిటి?” అంటే “నాకు లోపాలు లేవు” అనరాదు. “ఇంగ్లీషులో తడబడతాను, రోజూ పత్రిక పైకి చదువుతూ సరిదిద్దుకుంటున్నాను” అన్నవారిని ఎవరూ చిన్నచూపు చూడరు. “డిగ్రీ తర్వాత రెండేళ్లు ఏం చేశారు?” అంటే ఖాళీగా ఉన్నామని చెప్పకండి. దుకాణంలో కూర్చున్నా, ట్యూషన్లు చెప్పినా, జబ్బుపడిన తల్లికి సేవ చేసినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కొన్ని ప్రశ్నలు మన పిల్లలకే ఎదురవుతాయి. “శుక్రవారం నమాజుకు సెలవు అడుగుతారా?” అంటే కోపం వద్దు, వణుకు వద్దు. “భోజన విరామంలో వెళ్లి వస్తాను, పని మిగిలితే సాయంత్రం ముగించి వెళ్తాను” అంటే చాలు. “పెళ్లయ్యాక మానేస్తారా?”, “హిజాబ్‌తో పని చేయగలరా?” అన్నప్పుడు “నా పనికి అది అడ్డు కాదు” అని నెమ్మదిగా చెప్పవచ్చు. మర్యాద మీరిన ప్రశ్న అడిగితే బయటికి వచ్చిన వెంటనే తేదీ, ప్రశ్న కాగితంపై రాసిపెట్టి పెద్దలకు తెలియజేయండి. రాతలో లేని ఫిర్యాదు నిలబడదని గుమాస్తాగా గడిపిన జీవితం మాకు నేర్పింది.

ఆ జీవితం నేర్పిన మరో సంగతి, పేరు. పదో తరగతి మెమోలో “షేక్”, ఆధార్‌లో “ఎస్.కె.”, డిగ్రీ పట్టాలో ఇంటిపేరే మాయం! “మొహమ్మద్” ఒకచోట “ఎండీ”. బాగా జవాబులు చెప్పినవారు కూడా ధ్రువపత్రాల పరిశీలనలో ఇక్కడే చిక్కుకుంటారు. అన్ని పత్రాలలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. 2007లో చట్టబద్ధమైన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్‌కు అర్హులైనవారు ఆ ధ్రువపత్రాన్నీ ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు: మన బిడ్డ మూడు భాషల మధ్య నలుగుతున్నాడు. ఆడపిల్లకైతే కొత్తవారి ముందు గొంతు విప్పడమే తప్పన్నట్టు పెంచాము. రాత్రి భోజనాల తర్వాత పది నిమిషాలు అబ్బా ప్రశ్నించాలి, కూతురు కళ్లలోకి చూసి జవాబివ్వాలి. మస్జిద్ కమిటీలు ఇషా తర్వాత వారానికొక గంట ఒక గది ఇస్తే, ఉద్యోగానుభవమున్న పెద్దలు వచ్చి కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నారు.

ఆ అమ్మాయి రెండోవారం మళ్లీ వచ్చింది. అదే ప్రశ్న అడిగాము. “మా నాన్నగారిది పంక్చర్ల దుకాణం. దాని లెక్కలు నాలుగేళ్లుగా నేనే రాస్తున్నాను” అని మొదలుపెట్టింది. ఈసారి తల దించుకోలేదు.