అనుమానపు విత్తు నాటిందెవరు?

‘ముస్లింలకు టీకాలంటే భయం’ అన్న మాట వినీ వినీ మనకు విసుగు పుట్టింది. పోలియో ప్రస్తావన వస్తే చాలు, పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల పేర్లు ముందుకు వస్తాయి. సహజ పోలియో వైరస్ నేటికీ వేళ్లూనుకొని ఉన్నది ఆ రెండు దేశాలలోనే, అది నిజం. అయితే అందుకు మన మతమే కారణమని తేల్చేయడం మాత్రం పచ్చి అన్యాయం.

2011లో అబోటాబాద్‌లో జరిగిందేమిటి? బిన్ లాదెన్ జాడ తీయడానికి అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. ఒక స్థానిక వైద్యుని చేత హెపటైటిస్-బి టీకాల కార్యక్రమం నడిపించింది. ఆ ఇంటి పిల్లల రక్తం సంపాదించి డి.ఎన్.ఏ. సరిచూడాలన్నది పన్నాగం. మొదట ఒక పేదవాడలో టీకాలు మొదలుపెట్టి, అక్కడివారికి మలి మోతాదు ఇవ్వకుండానే బిన్ లాదెన్ ఉన్న పేటకు తరలిపోయారని అదే ఏడాది జూలైలో ‘గార్డియన్’ పత్రిక బయటపెట్టింది. సూది పట్టుకొని గుమ్మంలోకి వచ్చిన మనిషి నర్సో గూఢచారో తెలియనప్పుడు ఏ తల్లి తలుపు తీస్తుంది?

2012లో వజీరిస్తాన్‌లో తాలిబన్ వర్గాలు పోలియో చుక్కలను నిషేధించాయి. అదే డిసెంబరులో కరాచీ, పెషావర్‌లలో చుక్కలు వేసే కార్యకర్తలను కాల్చి చంపారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. ఆ హంతకులు ఇస్లాం పేరు ఎత్తడానికి కూడా అర్హులు కారు. 2014లో పాకిస్తాన్‌లో 306 మంది పిల్లలు పోలియో పాలయ్యారు. టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి ఇక వాడబోమని అమెరికా మాట ఇచ్చింది కూడా ఆ ఏడాదే, అదీ ప్రజారోగ్య విద్యాసంస్థల అధిపతులు లేఖ రాసి నిలదీశాక.

ఇక మన దేశం సంగతి. పశ్చిమ ఉత్తరప్రదేశ్ మొహల్లాలలో ఒకప్పుడు ఇవే అనుమానాలు ఉండేవి. అక్కడ లాఠీ పనిచేయలేదు. మసీదు మైకులో ఇమాం చేసిన ప్రకటన, అదే వీధికి చెందిన మహిళా కార్యకర్తలు గడప గడపకూ తిరగడం, అలీగఢ్, జామియా విశ్వవిద్యాలయాల అండ పనిచేశాయి. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు ఒక్కటీ నమోదు కాలేదు. ఈ ఘనతలో మన వాటాను గుర్తుచేసేవారేరి?

నమ్మక ద్రోహం ముస్లింలకే పరిమితమూ కాదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో అమెరికా సంస్థ ‘పాత్’ చేపట్టిన హెచ్.పి.వి. టీకా ప్రాజెక్టునే చూడండి. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం చెప్పింది, సరే. కానీ పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాలపై సంతకాలు హాస్టల్ వార్డెన్లవని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. కన్నవారిని అడగనక్కరలేదని అనుకున్నది ఎవరి పిల్లల విషయంలో? ఎక్కువగా ఆదివాసీల బిడ్డల విషయంలో.

మన పిల్లలకు టీకాలు వేయించవలసిందే. అందులో రెండో మాట లేదు. వాట్సాప్‌లో పుకార్లు పంచే మన ‘హకీము’ల వల్ల నష్టపోయేది మన బిడ్డలే. అయితే వేయించుకునేవారికి అడిగే హక్కు కూడా ఉంది. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రెండవ అధికార భాష. టీకాల సమాచారం, పరిశోధనల అంగీకార పత్రాలు ఉర్దూలోనూ ఇవ్వాలి. చదువురాని తల్లికి చదివి వినిపించాలి. టీకా తరువాత బిడ్డకు జ్వరమొస్తే ఎవరిని పిలవాలో ఆ కాగితం మీదే పేరుతో, ఫోన్ నంబరుతో రాసి ఇవ్వాలి.