పేరు చూచి పైకమీయరాదు

“ఇంటిపేరు కస్తూరివారు, ఇంటిలో గబ్బిలాల కంపు” అని మన పెద్దలు చెప్పిన సామెత మీరెఱుగుదురు. మంచి పేరు వినబడినతోడనే మనసున నొక నమ్మకము కలుగును. లోపల నేమున్నదో మనము చూచులోపలనే ఆ నమ్మకము తన పని తాను చేసివైచును. ఈ మానవస్వభావమును వర్తకులు పూర్వమునుండియు నెఱుగుదురు. ఇప్పుడు రాజకీయపక్షములును ఎఱిగినవి. ఇంటర్నెట్టునందు సులభముగా జ్ఞాపకముండు పేరును ముందుగా చేజిక్కించుకొన్నవారికి ఎన్నికలవేళ నెంతటి బలము కలుగునో, ఆ పేరును నమ్మి పైకమిచ్చు సామాన్యజనులకు ఎట్టి నష్టము కలుగవచ్చునో ఈ నెల విచారింతము. పాలవానికిని కూరలవానికిని ఫోనుతోనే పైకము చెల్లించు గృహిణులకు ఇది దూరపు సంగతి కాదు.

మొదట నీ పేరనగా నేమో తెలిసికొందము. ఇంటర్నెట్టులో చేరిన కంప్యూటర్లకు అంకెలతో గూడిన చిరునామాలుండును. ఆ యంకెలను మనుష్యులు జ్ఞాపకముంచుకొనలేరు గనుక వానికి మాఱుగా మాటలతో పేర్లు పెట్టిరి. వీనినే డొమైను పేర్లందురు. తొలిదినములలో ఈ పేర్ల పట్టిక యంతయు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థలో నొక్కచోటనే యుండెడిది. ఆ పట్టికను కాపాడిన కార్యాలయమునకు అధికారిణి ఎలిజబెత్ ఫైన్లర్ అను స్త్రీ. పేర్లు నానాటికి పెరుగుటచే ఒక్క పట్టిక చాలక, 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు నేటి పద్ధతిని కల్పించెను. వర్తకులకు ‘కామ్’ అనియు, ప్రభుత్వమునకు ‘గవ్’ అనియు, విద్యాలయములకు ‘ఎడ్యు’ అనియు పేరు చివర తోకలు తగిలించు ఏర్పాటులో ఫైన్లరమ్మయు ఆమె తోడివారును ముఖ్యముగా పాల్గొనిరి. ‘కామ్’ తోకతో మొదటి పేరు 1985 మార్చి 15వ తేదీన నమోదయ్యెను.

ఈ పేర్లకు గల న్యాయము మిక్కిలి చిన్నది: ముందు వచ్చినవారిదే పేరు. ‘గవ్’ వంటి కొన్ని తోకలు ప్రభుత్వములకు మాత్రమే చెందును. ‘కామ్’, ‘ఆర్గ్’ మొదలగు తోకలు గల పేర్లనన్ననో ఎవరైనను సంవత్సరమునకు సుమారు వేయి రూపాయలు చెల్లించి తీసికొనవచ్చును. “ఈ పేరుతో నీకేమి సంబంధము?” అని తొలుత నడుగువారు లేరు. ఇది కొనుగోలనుటకంటె అద్దె యనుట యుక్తము; గడువునకు పైకము కట్టనియెడల పేరు చేయిజారి యింకొకరి పాలగును. ఇంత చౌకగా లభించు వస్తువే మఱియొకప్పుడు రాజుల సొత్తంత వెల పలుకును. ‘వాయిస్.కామ్’ అను పొట్టి పేరు 2019లో మూడుకోట్ల డాలర్లకు అమ్ముడుపోయెను.

వర్తకమున నింత విలువ గల పేరు రాజకీయములందు ఏల విలువ లేకుండును? నాయకుడు వేదికమీద ఒక్కమాఱు పలికిన నినాదము శ్రోతల చెవిలో నిలుచును. వారింటికి పోయి ఆ మాటలనే ఫోనులో టైపుచేయుదురు. ఆ వాకిట నాయకుని పక్షమే నిలిచియుండిన, వచ్చినవారు సభ్యులగుదురు, చందాలిత్తురు. ఆ వాకిట ప్రత్యర్థి నిలిచియుండిన, నాయకుడు కష్టపడి పిలిచిన జనము ప్రత్యర్థి యింట విందారగించినట్లగును. ఇట్లు జరుగుట కల్పన కాదు.

మన దేశముననే జరిగిన సంగతి చూడుడు. 2023 డిసెంబరు 18వ తేదీన కాంగ్రెసు పక్షమువారు ‘డొనేట్ ఫర్ దేశ్’ అను పేర ప్రజలనుండి విరాళముల సేకరణ నారంభించిరి. పక్షము పుట్టి 138 సంవత్సరములైనందున 138 రూపాయలు, 1,380 రూపాయలు, 13,800 రూపాయలు ఇట్లు ఇండని కోరిరి. వారి సొంత చిరునామా ‘డొనేట్ఐఎన్‌సీ.ఇన్’ అనునది. నినాదము ఒకటి, చిరునామా వేఱొకటి! నినాదమునే పేరుగా టైపుచేసినవారి గతి యేమయ్యెను? ‘డొనేట్‌ఫర్‌దేశ్.ఆర్గ్’ అని వ్రాసినవారు భారతీయ జనతా పక్షమువారి విరాళముల పుటకు చేరిరి. ‘డొనేట్‌ఫర్‌దేశ్.కామ్’ అని వ్రాసినవారు ఒక వార్తా వెబ్‌సైటు చందా పుటకు చేరిరి. పిలిచినది యొకరు, పళ్లెము పట్టినది మఱొకరు.

ఈ సేకరణకు ఆదర్శము 1920–21 నాటి తిలక్ స్వరాజ్యనిధి యని పక్షమువారు చెప్పిరి. ఆ నిధికి మన బెజవాడతో సంబంధము కలదు. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము, జూను 30లోపల కోటి రూపాయలు పోగుచేయవలెనని తీర్మానించెను. ఆ దినములలో స్త్రీలు సభలయందు తమ యొంటిమీది నగలను తీసి గాంధీగారి చేతికిచ్చిరి. ఇచ్చు చేయియు పుచ్చుకొను చేయియు ఒకదాని నొకటి చూచినవి. నేడిచ్చువారికి పుచ్చుకొను చేయి కనబడదు. కనబడునది పేరొక్కటే. ఆ పేరు అద్దె సొమ్ము. భేదమంతయు ఇందే యున్నది.

ఇది యేయొక్క పక్షమువారి గుణమో యని తలపరాదు. అమెరికాలో రెండు ప్రధానపక్షములును ఈ యెత్తులు నేర్చినవే. 1999లో జార్జి బుష్ అధ్యక్షపదవికి పోటీచేయుచుండగా, ‘జీడబ్ల్యుబుష్.కామ్’ అను పేర ఒకరు ఆయనను పరిహసించు పుటలు ప్రకటించిరి. బుష్ కోపించి స్వేచ్ఛకును హద్దులుండవలెనని పలికెను. ఆ పలుకుచేతనే ఆ పుటలకు మఱింత ప్రసిద్ధి కలిగెను. ఆయన తమ్ముడు జెబ్ బుష్ 2015లో పోటీచేయునప్పుడు సొంతపేరైన ‘జెబ్‌బుష్.కామ్’ ఆయన చేతిలో లేదు. ఆ డిసెంబరులో ఆ పేరు టైపుచేసినవారు ప్రత్యర్థియగు డొనాల్డ్ ట్రంపు వెబ్‌సైటులో తేలిరి. 2019లో జో బైడెన్ పక్షమువారు స్పానిషు మాటలాడు ఓటర్లకై ‘తోదోస్ కోన్ బైడెన్’ అను నినాదము ప్రకటించిరి గాని, ఆ పేరును ముందుగా నమోదు చేసికొనలేదు. ట్రంపు పక్షమువారు దానిని తీసికొని, బైడెన్ ఆ ఓటర్లను మఱచెనని యందు పరిహాసముగా వ్రాసిరి. ఇంగ్లండునందు అదే సంవత్సరము నవంబరులో లేబరు పక్షము తన ప్రణాళికను వెలువరించిన దినముననే, ‘లేబర్‌మేనిఫెస్టో’ అను పేర కన్సర్వేటివు పక్షమువారు ప్రత్యర్థిని విమర్శించు పుటలు తెఱచిరి.

ఇంకొక మాయ కలదు. పేరు తీసికొన్నవారు దానిని టైపుచేసినవారిని తమకు తోచిన యే వాకిటికైనను మళ్లింపవచ్చును. ఆ వాకిటివారి సమ్మతి యక్కఱలేదు. 2020లో ‘యాంటీఫా.కామ్’ అను పేరును ఎవరో బైడెన్ వెబ్‌సైటునకు మళ్లించిరి. అది చూచి, ఆ యుద్యమము బైడెన్‌దే యని పలువురు ప్రచారము చేసిరి. వీధిలో పోవు వాడెవడో మన గుమ్మమువైపు వ్రేలు చూపినంతమాత్రమున వాడు మన చుట్టమగునా?

న్యాయస్థానములు లేవా యని మీరడుగవచ్చును. ఉన్నవి. పేర్ల తగవులను తీర్చుటకు 1999లో ఐకాన్ అను సంస్థ యొక పద్ధతి నేర్పఱచెను. దాని ననుసరించి 2005లో హిల్లరీ క్లింటన్ తన పేరి ‘హిల్లరీక్లింటన్.కామ్’ను ఇతరులనుండి రాబట్టుకొనెను. 2011లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము ‘అరుణ్‌జైట్లీ.కామ్’ ఆ పేరు గల నాయకునికే చెందవలెనని తీర్పు చెప్పెను. అయినను ప్రసిద్ధుల సొంతపేరునకు లభించిన రక్షణ నిన్న పుట్టిన నినాదమునకు లభించుట కష్టము. మఱియు తీర్పు వచ్చులోపల ఎన్నికలే ముగిసిపోవచ్చును.

ఇది కేవలము చమత్కారమనియు, పేరును ముందుగా నమోదు చేసికొననివారిదే తప్పనియు కొందఱందురు. అందు కొంత న్యాయము లేకపోలేదు. వేయి రూపాయలకు లభించు పేరును భద్రపఱుపక నినాదమును నలుదిక్కుల చాటుట, వాకిలి తెఱచి పేరంటమునకు పోవుట వంటిది. కాని చమత్కారము పక్షములకు. నష్టము మాత్రము ఇచ్చినవారికి. ఒక పక్షమునకని తలచి యొక గృహిణి తన పొదుపునుండి 138 రూపాయలు తీసి వేఱొక పక్షమునకిచ్చినచో, పోయినది రూపాయలు మాత్రమే కాదు. ఆమె యభిప్రాయమును పోయినది. విరాళమును ఒకవిధమైన ఓటే కదా!

కావున మనము చేయదగిన పనులు నాలుగు. మొదటిది, పేరును తోకతో గూడ చదువుట. అమెరికా అధ్యక్షభవనపు చిరునామా ‘వైట్‌హౌస్.గవ్’. ‘వైట్‌హౌస్.కామ్’ అనునది 1997 మొదలు కొన్ని సంవత్సరములు పిల్లలు చూడరాని బొమ్మల పుటగా నుండెను. మన దేశమున ప్రభుత్వకార్యాలయముల పేర్లకు ‘గవ్.ఇన్’ అనియో ‘నిక్.ఇన్’ అనియో తోక యుండును. రెండవది, పేరు ముగిసి ఏటవాలు గీత వచ్చుచోటినుండి వెనుకకు చదువుట. ‘మనపక్షము.విరాళము.కామ్’ అని యున్నచో దాని యజమాని విరాళము.కామ్ కలవాడు గాని మన పక్షము కాదు. మూడవది, ఎవరో పంపిన సందేశములోని చిరునామాను నొక్కక, పక్షముయొక్క కార్యాలయమునుండి గాని అచ్చుపత్రములనుండి గాని తెలిసికొని మనమే టైపుచేయుట. నాలుగవది, యూపీఐ ద్వారా పైకము పంపునప్పుడు రహస్యసంఖ్య నొక్కుటకు ముందు, పుచ్చుకొనువారి పేరేమని ఫోనులో కనబడుచున్నదో చూచుట. ఆ పేరు మనము తలచినది కానియెడల అచటనే యాగవలయును.

సోదరీమణులారా, బజారునందు పళ్లు కొనునప్పుడు బుట్టపై నుంచిన పండును చూచి మోసపోక, అడుగుననున్న పండును గూడ త్రిప్పి చూచు నేర్పు మనకు కలదు. బంగారమును గీటురాతిమీద గీసి చూడనిదే కొనము. ఆ నేర్పునే ఈ క్రొత్త బజారునకును కొనిపోవుదము. పేరు చూచి మురియవచ్చును. పైకము మాత్రము ఊరును చూచిన పిమ్మటనే యీయవలయును.