ఆగిన గుండె: ఎంతసేపు ప్రయత్నించాలి?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లెటూరు. కిందటేడు మా నాన్నగారు, 62 ఏళ్ళవారు, తెల్లవారుజామున పెరట్లో కుప్పకూలిపోయారు. ఆటో దొరికి ఆసుపత్రి చేరేసరికి ముప్పావుగంట పట్టింది. డాక్టరుగారు రొమ్ము నొక్కుతూ, ఇంజక్షన్లు ఇస్తూ అరగంట ప్రయత్నించి, "ఇక లాభం లేదమ్మా" అనేశారు. ఆత్మకూరు ఎమ్మెల్యేగా, మంత్రిగా ఉన్న మేకపాటి గౌతమ్‌రెడ్డిగారికి గంటన్నరసేపు చేశారని విన్నాం. మా నాన్నకూ ఇంకో గంట చేసి ఉంటే బతికేవారా? పేదవాళ్ళమని వదిలేశారా? ఈ ఆలోచనతో నాకు నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి, ఉదయగిరి

జవాబు: అమ్మా, కేసు కాగితాలు చూడకుండా ఖాయంగా చెప్పడం న్యాయం కాదు. కాని మీరు రాసినదాన్నిబట్టి, పేదవారని వదిలేసినట్లు నాకు తోచడం లేదు. కారణం చెబుతాను.

ముందు గౌతమ్‌రెడ్డిగారి సంగతి చూడండి. 2022 ఫిబ్రవరి 21 ఉదయం ఆయన హైదరాబాదులో తమ ఇంట్లో పడిపోయారు. అపోలో ఆసుపత్రికి 7.45 గంటలకు తీసుకువచ్చేసరికే శ్వాస లేదు, గుండె ఆగి ఉంది. అత్యవసర వైద్యులు, గుండె జబ్బుల నిపుణులు కలిసి 90 నిమిషాలకు పైగా శ్రమించారు. 9.16 గంటలకు మరణించినట్లు ప్రకటించారు. ఆయన వయస్సు 50. 23వ తేదీన మీ ఉదయగిరిలోనే అంత్యక్రియలు జరిగాయి. యంత్రాలకు, నిపుణులకు కొదవలేని చోట గంటన్నర ప్రయత్నించినా ప్రాణం నిలవలేదు. కనుక గడియారం ఒక్కటే చూసి లెక్క వేయకూడదు.

మరి డాక్టరు ఏం చూసి ఆపుతాడు? ఇన్ని నిమిషాలకు ఆపాలని ఏ వైద్యశాస్త్ర గ్రంథమూ గిరి గీసి చెప్పదు. నాలుగైదు సంగతులు కలిపి చూసుకోవాలి.

మొదటిది, గుండె ఆగిన తర్వాత రొమ్ము మీద చెయ్యి పడేదాకా గడిచిన కాలం. రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాలలో మెదడు చెడిపోవడం మొదలవుతుంది. మేం ఎంత బాగా నొక్కినా, మామూలుగా గుండె పంపే రక్తంలో మూడోవంతు మించి అందించలేం.

రెండవది, గుండె ఏ తీరుగా ఆగింది అన్నది. కొన్నిసార్లు గుండె పూర్తిగా ఆగదు, వణుకుతూ ఉంటుంది. అప్పుడు కరెంటు షాక్ పనిచేస్తుంది, ఆశ ఎక్కువ. తెరమీద గీత తిన్నగా ఉంటే షాక్ వల్ల ప్రయోజనం లేదు. సరైన చికిత్స అందుతున్నా ఇరవై నిమిషాలు దాటి గీత అలాగే ఉండి, సరిదిద్దదగిన కారణమేదీ కనిపించకపోతే, ఆశ చాలా సన్నగిల్లినట్లే.

మూడవది, కారణం. నీట మునిగినవారిని, విషం మింగినవారిని, రక్తంలో పొటాషియం పెరిగినవారిని తొందరపడి వదలం. మన మెట్ట ప్రాంతంలో కట్లపాము కాటు మరీ మోసం చేస్తుంది. రెప్ప లేవదు, ఊపిరి ఆగుతుంది, ఒక్కొక్కప్పుడు కంటిపాప వెలుగుకు కూడా కదలదు. చూసినవారు పోయాడనే అనుకుంటారు. కాని గుండె కొట్టుకుంటూనే ఉండవచ్చు. ఊపిరి అందిస్తూ మందు ఇస్తే మనిషి లేచి ఇంటికి నడిచి పోవచ్చు.

నాలుగవది, గొట్టం వేసినవారిలో బయటికి వచ్చే గాలిలో బొగ్గుపులుసు వాయువు. ఇరవై నిమిషాల తర్వాత కూడా అది 10 దాటకపోతే మంచి సూచన కాదు. ఈ పరికరం అన్ని చిన్న ఆసుపత్రులలోనూ ఉండదు.

అలాగని తొందరపడి ఆపడం కూడా తప్పే. అమెరికా ఆసుపత్రులలో 64 వేల మందికి పైగా రోగులను పరిశీలించి 2012లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఎక్కువసేపు ప్రయత్నించే అలవాటున్న ఆసుపత్రులలో బతికినవారు కొంత ఎక్కువగా కనిపించారు. అందుకే ఆపేముందు నేను గదిలో ఉన్న నర్సును, కాంపౌండరును కూడా అడుగుతాను, "మనం చేయవలసింది ఇంకేమైనా మిగిలిందా?" అని. అందరూ లేదంటేనే టైము చూసి రాయిస్తాను. ఎన్నేళ్ళ సర్వీసు అయినా ఆ మాట నోట రావడం తేలిక కాదు.

మీ నాన్నగారికి ముప్పావుగంట రక్తప్రసరణ లేదు. ఆ తర్వాత అరగంట ప్రయత్నం తక్కువేమీ కాదు. ఇంకో గంట చేసినా ఫలితం మారేది కాదనే నా అభిప్రాయం. అయితే ఒక లోటు మాత్రం జరిగింది. ఎందుకు ఆపుతున్నదీ డాక్టరు మీతో కూర్చుని చెప్పి ఉండవలసింది. ఆ రెండు నిమిషాల మాట కరువై మీకు ఏడాది నిద్ర పోయింది. ఇలాంటి సమయంలో "తెరమీద గీత ఎలా ఉంది? కారణం ఏమనుకున్నారు?" అని అడిగే హక్కు బంధువులకు ఉంది.

ఇక పాఠకులందరికీ ఒక మాట. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. మొదటి పది నిమిషాలూ డాక్టరు చేతిలో ఉండవు, ఇంట్లోవారి చేతిలోనే ఉంటాయి. పిలిచినా పలకకుండా, ఊపిరి లేకుండా, లేదా ఎగశ్వాసతో ఉంటే గుండె ఆగిందనే అనుకోండి. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు మనిషిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడుమ అరచేతి మడమ ఆనించి, పైన రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతుకు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ రొమ్ము పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. నోట్లో నీళ్ళు పోయకండి. అంబులెన్సువారు వచ్చి అందుకునేదాకా ఆపకండి.

అమ్మా, ఆనాడు మీకిది తెలియదు. తెలియనిదానికి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఇప్పుడు మాత్రం మీరు నేర్చుకుని, మీ వీధిలో నలుగురికి నేర్పండి.