సాలీడుకూ ఒక చిరునామా

రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగితే కనిపించేవన్నీ అద్దాల మేడలే. ఆ మేడల చుట్టూ ఉన్న ఫ్లాట్ల బాల్కనీల్లో, మిగిలిన కొద్దిపాటి పెరళ్లలో కరివేపాకు మొక్క లేని ఇల్లు మాత్రం అరుదు. ఆ ఆకు మీద పక్షి రెట్టలా కనిపించే మచ్చ చాలాసార్లు నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగే. పెరిగేకొద్దీ అది పచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటికొచ్చి ఘాటు వాసన కొడతాయి. చీమల్లాంటి శత్రువులను తరిమే ఏర్పాటది. దాన్ని చూడగానే చాలామంది మందు కొట్టేస్తారు. నాలుగు రెమ్మలు దానికి వదిలేసి రోజూ ఒక ఫొటో తీస్తే, ఆ జీవి బతుకంతా ఫోన్‌లోనే చూడొచ్చు.

సరదా ఒక్కటే కాదు. తేదీ, చోటు జతచేసిన ఫొటో సాక్ష్యం కూడా.

ఆ సాక్ష్యం లేకపోతే ఏమవుతుందో గుత్తి సాలీడు కథ చెబుతుంది. ఈ నీలిరంగు సాలీడును 1899లో జంతుశాస్త్రవేత్త రెజినాల్డ్ పోకాక్ వర్ణించారు. ఆయన చేతికి అందినది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క నమూనా. కలపతో పాటు రైలెక్కి అక్కడికి చేరి ఉంటుందని తర్వాతివారు భావించారు. మళ్లీ దాని ఆచూకీ తెలిసింది 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. నూరేళ్లకు పైగా దాని అసలు ఇల్లు ఎవరికీ తెలియదు! తీరా తెలిసేసరికి ఆ అడవి చెదిరిపోతోంది. ఇప్పుడది అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది.

రాయదుర్గానికి కూతవేటులో ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణం కూడా శాస్త్రానికి ఒక సాలీడును ఇచ్చింది. 2010లో వర్ణించిన దాని పేరు మురిసియా హైదరాబాదెన్సిస్. దాని కుటుంబానికి చెందిన సాలీళ్లు చెట్టు బెరడుకు అతుక్కుపోయి, బెరడు రంగులోనే కలిసిపోతాయి. పురుగు దగ్గరికి రాగానే దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ, తోకల్లా పొడుగ్గా ఉన్న దారపు అవయవాలతో చుట్టేస్తాయి. 2025 ఏప్రిల్‌లో పక్కనే కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు జనం నోట నలిగినవి నెమళ్లు, జింకలు. బెరడు మీది సాలీడుకూ ఆ నేల అంతే ఇల్లు.

అందుకే అపార్ట్‌మెంట్ సంఘాలు నెలనెలా అలవాటుగా మొక్కలకు మందు కొట్టించడం మానుకోవాలి. పురుగు నిజంగా బెడదైన చోట, ఆ మొక్క వరకే చూసుకుంటే చాలు. రాలిన ఆకులను ఊడ్చేయకుండా ఒక మూల వదలాలి. తొలకరికి ఆరుద్ర పురుగు మట్టిలోంచి ఎర్రటి మఖమల్ ముద్దలా బయటికొస్తే పిల్లలకు చూపించాలి. ఎనిమిది కాళ్ల ఆ జీవి పేరుకే పురుగు, నిజానికి సాలీడుకు చుట్టం.

ఫొటోకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఎండ ముదరకముందే వెళ్లి, పురుగును కదపకుండా పైనుంచి, పక్కనుంచి, ముఖానికి ఎదురుగా తీయాలి. సాలీడైతే కళ్ల అమరిక కనిపించాలి, గుర్తుపట్టడానికి అది ముఖ్యం. ఐనేచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే తెలిసినవారు పేరు చెబుతారు. అరుదైన జీవి అనిపిస్తే మాత్రం కచ్చితమైన చోటు బయటపెట్టకూడదు. గుత్తి సాలీడును పెంపుడు జంతువుల వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చారు.